బందరులో తాగినవాడు ఒక్కడే

మద్యనిషేధం అమల్లో ఉన్న ఇరవై చిల్లర ఏళ్ళలో బందరు పట్టణంలో తాగినవాడు ఒకే ఒక్కడు. ఇది గాలి కబురు కాదు. పోలీసులు పట్టుకుని, పట్టుబడ్డవాడు ఒప్పుకుని, మేజిస్ట్రేటుగారు తీర్పు చెప్పిన సంగతి. ఆ ఒక్కడి పేరు ఏసుపాదం. కాలవ రేవులో పడవల మీంచి బస్తాలు దించే కూలీ. పదకొండుసార్లు తాగి పట్టుబడ్డాడు, పదకొండుసార్లూ నేరం ఒప్పుకున్నాడు, పదకొండుసార్లూ జైలుకు వెళ్ళి బుద్ధిగా తిరిగొచ్చాడు. మిగతా లక్షమందీ ఆ కాలమంతా మజ్జిగ తాగి బతికారు.

ఇందులో చిన్న చిక్కు ఒకటుంది. ఏసుపాదం పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినవాడు కాడు. పాఠకులు కంగారు పడనవసరం లేదు. ఆ చిక్కు చట్టానికి ఏనాడూ అడ్డు రాలేదు.

ఆ రోజుల పద్ధతి తెలియని కుర్రకారు కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. నిషేధాన్ని కాపాడే సిబ్బంది నెలనెలా కొన్ని కేసులు చూపించాలి. చూపించకపోతే సిబ్బంది నిద్రపోతున్నారని పైవాళ్ళు అనుకోవచ్చు. లేదా ఊరు బాగుపడింది కాబట్టి ఇక సిబ్బందే అక్కర్లేదని అనుకోవచ్చు. రెండోది మరీ ప్రమాదం. పోనీ తాగేవాళ్ళను పట్టుకుందామా అంటే, ఊళ్ళో తాగేవాళ్ళంతా పట్టుకోకూడనివాళ్ళు. ఒకాయన కేసు వాదించవలసిన ప్లీడరు. ఒకాయన తాగాడో లేదో పరీక్ష చేసి చెప్పవలసిన డాక్టరు. ఇంకొకాయన సాక్షాత్తూ ఆ సిబ్బందికి పెద్దయిన జమేదారుగారు అద్దెకున్న ఇంటి ఓనరు. ఇంతటి ధర్మసంకటంలో జమేదారుగారు ఒక మార్గం కనిపెట్టారు. పెద్దిళ్ళవాళ్ళు వంతులవారీగా ఒక మనిషిని పంపాలి. ఆ మనిషి తాగినట్టు ఒప్పుకుంటాడు. అతను లోపల ఉన్నన్నాళ్ళూ అతని పెళ్ళాం పిల్లలకు బియ్యం ఆ ఇంటివాళ్ళు పంపాలి. చట్టం బతికింది, మర్యాద బతికింది, కూలివాడి పిల్లలు కూడా బతికారు. ఇటువంటి ఏర్పాటు ఇప్పటి ప్రభుత్వాలకు తడుతుందా అంటే అనుమానమే.

మొదట్లో నిజంగా తాగేవాళ్ళనే పంపి చూశారు. కుదరలేదు. ఒకడు బోనెక్కగానే మేజిస్ట్రేటుగారిని చూసి పకపకా నవ్వాడు. ఇంకొకడు బంట్రోతును కావలించుకుని, తనను ఎవరు పంపారో, ఆయనా తనూ కలిసి ఎక్కడ తాగారో భోరున ఏడుస్తూ చెప్పేశాడు. తాగినవాడుగా నిలబడాలంటే తాగనివాడే కావాలని ఆనాడు తేలింది.

ఏసుపాదం ఆ పనికే పుట్టినట్టు దొరికాడు. వేసవిలో కాలవలు కట్టేస్తారు. కాలవలు కట్టేస్తే పడవలు తిరగవు, పడవలు తిరక్కపోతే అతనికి కూలి లేదు. ఇంట్లో చూస్తే ముగ్గురు పిల్లలు. అంచేత అతను వేసవికాలంలో తాగేవాడు. జమేదారుగారు స్వహస్తాలతో అతని చొక్కా మీద సారా చల్లేవారు, పెళ్ళివారి మీద పన్నీరు చల్లినట్టు. ఒక గుక్క ఇచ్చి పుక్కిలించి ఉమ్మమనేవారు. ఏసుపాదం కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుని, పుక్కిలించి ఉమ్మేవాడు. తర్వాత బోనులో చేతులు కట్టుకుని నిలబడి, "తాగానండయ్యా, తప్పయిపోయింది" అనేవాడు. ఆ మాట అంత స్పష్టంగా పలికే తాగుబోతు జిల్లా మొత్తంలో లేడని కోర్టు గుమాస్తా మెచ్చుకునేవాడు.

కొన్నాళ్ళకు నిషేధం ఎత్తేశారు. ఊరంతా సారా కొట్లు వెలిశాయి. ఆ రోజునుంచే ఏసుపాదం తాగడం మానేశాడు.

సర్కారు అతణ్ణి మర్చిపోయింది గాని చర్చి మర్చిపోలేదు. అతని సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. ఆ రోజు అందరూ ముందుకు వెళ్ళి మోకరించి, రొట్టె ముక్క తిని, గిన్నెలోని ద్రాక్షరసం పుచ్చుకుంటారు. మొదటిసారి జైలుకెళ్ళి వచ్చినప్పుడే, తాగుబోతని ఏసుపాదాన్ని ఆ బల్లకు దూరంగా పెట్టారు. ఆ తర్వాత పాస్టర్లు మారారు, దూరం మారలేదు. అతను గుమ్మం పక్కన ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. అతని భార్య మార్త ఒక్కతే ముందుకు వెళ్ళి, తల వంచుకుని తిరిగి వచ్చేది.

"తాగినోళ్ళంతా మూతి తుడుచుకుని గిన్నె పుచ్చుకుంటన్నారు. తాగనోడివి నువ్వు గుమ్మం కాడ చెప్పులకి కాపలా కాస్తన్నావు. నీకు సిగ్గు లేదటయ్యా?" అని మార్త నెలకోసారి తప్పకుండా అడిగేది. అతనూ తప్పకుండా నవ్వేసి ఊరుకునేవాడు. ఈ ఏడు మాత్రం నవ్వలేకపోయాడు. మార్తకు గుండెల్లో నొప్పి మొదలైంది. ఆసుపత్రిలో చూపించుకుని వస్తూ ఆవిడ నడిరోడ్డు మీద రిక్షా ఆపించింది. "నేను పోయేలోగా ఒక్కసారి నా పక్కన మోకరించయ్యా. నాకింకేం వద్దు" అంది. ఏసుపాదానికి దుఃఖం పొంగుకొచ్చింది. రిక్షావాడు చూస్తున్నాడని తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

మర్నాడే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. పాస్టరుగారు మంచివారు. అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నేను నమ్ముతాను ఏసుపాదం. కానీ సంఘం నమ్మాలి కదా! నువ్వు తాగలేదని ఇద్దరు సాక్షులు చెప్పాలి. అందులో ఒకరైనా గౌరవనీయులై ఉండాలి" అన్నారు.

మొదటి సాక్షి ఆ సాయంత్రమే దొరికింది. గిలకలదిండి నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే గంగారత్నం, గంప దించకుండానే పాస్టరుగారి వాకిట్లో నిలబడింది.

"ఈ ఊళ్ళో ఎవరు తాగారో ఎవరు తాగలేదో నాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తదండీ? యానాం నించి పడవలో వచ్చిన సీసాలు ఇంటింటికీ మోసింది నేనే కదా! సొరచేప కింద పెడితే ఏ పోలీసోడూ ముక్కు దగ్గరికి తెచ్చేవోడు కాదు. ఏసుపాదం అన్నకి ఒక్క సీసా ఇచ్చినట్టు రుజువైతే నా గంప ఇక్కడే బోర్లించేస్తాను."

"ఒకరయ్యారు," అన్నారు పాస్టరుగారు ఓపిగ్గా. "గౌరవనీయులు కానివారు."

ఇక గౌరవనీయుడు ఒక్కడు కావాలి. బందరులో వాళ్ళకేం కొదవ? ఏసుపాదం తాగడని తెలిసిన గౌరవనీయులు వీధికి నలుగురున్నారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అతను తాగలేదని చెప్పాలంటే ఆ సంగతి తమకెలా తెలుసో కూడా చెప్పాలి. అతణ్ణి తమ బదులు పంపిన కథ బయటికి లాగాలి. కాబట్టి ఒక్కొక్కరూ అతణ్ణి దొడ్డిగుమ్మం దగ్గరికి పిలిచి, భుజం తట్టి, "నీలాంటి మనిషి కోటికొకడైనా ఉండడురా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, వీధిగుమ్మం దగ్గర మొహం చాటేశారు.

సరిగ్గా అప్పుడే దేవుడు తలుపు తీసినట్టయింది. ఇది డెబ్భై ఏడో సంవత్సరం. ఢిల్లీలో ప్రభుత్వం మారింది. దేశమంతటా మళ్ళీ మద్యనిషేధం రాబోతోందని పేపర్లు రాశాయి. వెనకటి నిషేధం కాలంలో జనం ఎలా తాగారో తెలుసుకుంటే, ఈసారి ఎలా తాగనివ్వకూడదో తెలుస్తుందని విజయవాడలో కొందరు పెద్దలకు తోచింది. ఆ తోచడమే ముదిరి 'నిషేధకాల మద్యపాన సంస్కృతి కాలినడక అధ్యయన ఉపసంఘం' అయింది. చైర్మన్ గారు మూడు పార్టీల తరఫున మూడుసార్లు నిలబడి, మూడుసార్లూ ధరావతు పోగొట్టుకున్న అనుభవజ్ఞులు. వారికి కుడిభుజం ఒక ట్యుటోరియల్ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. అధ్యయనం కాలినడకనే ఎందుకు జరగాలన్నదానికి చైర్మన్ గారు, "ప్రజల గుండెల్లోకి పాదాలతోనే వెళ్ళాలి" అని పత్రికలవారికి చెప్పారు. ఉపసంఘానికిచ్చిన జీపు ఆ వారమంతా హనుమాన్ జంక్షన్లో వారి బావమరిది పెళ్ళి పనుల్లో ఉంది.

చరిత్ర ప్రసిద్ధి గల రేవుపట్టణం గనుక ముందుగా బందరును ఎన్నుకున్నారు. ఆనాటి చోట్లన్నీ ఎరిగిన మనిషిని దారి చూపడానికి ఏర్పాటు చేయవలసిందని ఊరి పెద్దలను కోరారు. పెద్దలు సమావేశమయ్యారు. ప్లీడరుగారు అధ్యక్షులు, డాక్టరుగారు కార్యదర్శి. ఆనాటి తాగుడు గురించి తమకెవరికీ ఓనమాలు కూడా తెలియవనీ, ఊళ్ళో అనుభవమున్నవాడు ఏసుపాదం ఒక్కడేననీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఏసుపాదం పొంగిపోయాడు. "ఇన్నిళ్ళు తిరుగుతాం మార్తా. నిషేధం పోయి ఏళ్ళయింది, కేసులంటే భయం లేదు. ఎవరో ఒకరు నవ్వేసి 'అవునయ్యా తాగాం, వీడు తాగలేదు' అనకపోతారా? పైగా నడక అయ్యాక సాయంత్రం పెట్టే సభకి పాస్టరుగారు కూడా వస్తానన్నారు."

మార్త మరుగునీళ్ళ చెంబుతో అతని చొక్కా మడతలు సాపు చేస్తూ, "అంటే మంచిదే" అంది. ఆవిడకు ఊరు తెలుసు.

విజయవాడ పాసింజరు దిగి ఉపసంఘం నడక మొదలెట్టింది. బందరు పెద్దలు పదిమందీ వెంట నడిచారు. అతిథి మర్యాదకు కొంత, ఏసుపాదం ఎక్కడ ఆగుతాడోనన్న శ్రద్ధతో కొంత.

మొదటి మజిలీ కోనేరు సెంటరు దాటాక ఒక మందుల షాపు. "ఇక్కడ శొంఠి టించరు అమ్మేవోరండి. దగ్గుమందని చెప్పి," అన్నాడు ఏసుపాదం. అది అక్షరాలా నిజం. నిషేధ కాలమంతా బందరు దగ్గింది. ఎప్పుడుబడితే అప్పుడు కాదు, పొద్దుగూకాక దగ్గింది. ఆడవాళ్ళు దగ్గలేదు, పిల్లలు దగ్గలేదు, సంపాదించే మగవాళ్ళే దగ్గారు. షాపు ముందు రోడ్డు మలుపు దాకా నిలబడి, వచ్చిన సీసా అక్కడే ఖాళీ చేసి, దగ్గడం మానేసి పాటలు పాడుకుంటూ వెళ్ళేవారు. నిషేధం ఎత్తేసిన మర్నాడు ఒక్కడూ దగ్గలేదు. ఊపిరితిత్తుల వ్యాధిని బందరు నుంచి తరిమేశామని ఆరోగ్యశాఖవారు సభ పెట్టుకున్నారు.

షాపు ఓనరు చేతులు జోడించి, "మాది సముద్రపు గాలండి. ఆ రోజుల్లో తేమ ఎక్కువగా ఉండేది" అన్నాడు. ఏసుపాదం ఆశగా అతని మొహంలోకి చూశాడు. ఈ షాపు తరఫున కూడా అతను ఒక వేసవి లోపల ఉన్నాడు. ఓనరు పైన ఉన్న కాల్షియం సీసాలను సర్దడంలో మునిగిపోయాడు. నిషేధం పోయినప్పటినుంచి సముద్రపు గాలి దిక్కు మార్చుకుందని లెక్చరరుగారు తేల్చి రాసుకున్నారు.

తర్వాత నీరా అమ్మిన పాక ఉన్న స్థలం. నీరా అంటే పులియని తాటిరసం. పొద్దు పొడవకముందు తాగితే ఆరోగ్యం, పొద్దెక్కితే అదే కల్లు. ఆ రోజుల్లో చట్టం నీరాను అనుమతించింది, కల్లును నిషేధించింది. ఈ పాక మధ్యాహ్నం తెరిచేవారు. తమ పాక లోపల ఇంకా తెల్లవారలేదని పాకవారి వాదన. వెంటనున్న పెద్దల్లో ఒకాయన, "నీరాలో విటమిన్లు మెండండీ, మా నాన్నగారు ఆ విటమిన్ల కోసం రోజూ వచ్చి, ఇక్కడే నిద్రపోయేవారు" అన్నారు గర్వంగా. ఏసుపాదం చటుక్కున ఆయన వైపు తిరిగి, "మరి నన్నెప్పుడైనా ఇక్కడ చూశారాండీ బాబూ?" అని అడిగాడు. ఆయన ఆలోచించి, "నేనే ఇటు రాలేదుగా, నిన్నెలా చూస్తానూ?" అన్నారు.

ఎండ మండిపోతోంది. డాక్టరుగారి ఇంటి ముందుకు వచ్చేసరికి చైర్మన్ గారు అరుగు మీద కూలబడ్డారు. ఈ ఇంటికి చరిత్రలో గొప్ప స్థానముంది. తాగకపోతే ప్రాణం నిలవదని డాక్టరు రాసిస్తే, నిషేధంలోనూ పర్మిట్ మీద సీసాలిచ్చేవారు. అప్పట్లో కృష్ణా డెల్టాలో నరాల బలహీనత అనే జబ్బు ప్రబలింది. వైద్యశాస్త్రానికే అంతుపట్టని జబ్బది. పదెకరాల మాగాణి ఉన్నవాళ్ళకు తప్పకుండా వచ్చేది, వకీళ్ళకు వచ్చేది, రైసుమిల్లు ఓనర్లకు కవల పిల్లల్లా ఇద్దరిద్దరికి వచ్చేది. పాలేళ్ళకు గాని, రేవు కూలీలకు గాని సోకినట్టు ఎక్కడా దాఖలా లేదు.

"రోగుల వివరాలు చెప్పడం మా వృత్తిధర్మం కాదు," అన్నారు డాక్టరుగారు, కార్యదర్శి హోదాలో అందరికీ గోళీసోడాలు ఇప్పిస్తూ. ఏసుపాదాన్ని మాత్రం స్తంభం చాటుకు పిలిచి, జబ్బ పుచ్చుకుని చూశారు. "నిషేధం మళ్ళీ వస్తుందంటున్నారు. నీ ఒంట్లో ఎలా ఉంది? బాగానే ఉన్నావుగా?"

"నా సంగతి అటుంచండి బాబూ, మార్తకి గుండె నెప్పండి. తమరొక్క మాట చెబితే..."

"గుండెకు మాత్రలు రాసిస్తాను. మాటలు గుండెకు పనిచెయ్యవు," అన్నారు డాక్టరుగారు.

ఇక ప్లీడరుగారి దొడ్డివీధి మిగిలింది. అక్కడికి వెళ్ళనవసరం లేదని ప్లీడరుగారు నాలుగు కారణాలు చెప్పారు గాని, ఈలోపే గంగారత్నం గంపతో ఎదురైంది. ఏసుపాదం నడక చూడాలని పొద్దున్నుంచి వీధులన్నీ గాలిస్తోందావిడ. అతని మొహం చూడగానే సంగతి గ్రహించింది. ఎవరూ ఆపేలోగా దొడ్డితలుపు దగ్గరికి వెళ్ళి, వెనకటి రోజుల్లో తట్టినట్టే, గాజులు చప్పుడయ్యేలా టకటకా తట్టింది.

లోపల్నుంచి ప్లీడరుగారి తల్లి సీతారావమ్మగారి గొంతు వినిపించింది. ఎనభై దాటిన మనిషి. నిష్ఠగా మడి కట్టుకునే ఇల్లు. "గంగా! ఎన్ని తెచ్చావే? రెండు చాలు, రేపు అబ్బాయికి కోర్టుంది. గంప మాత్రం గడప ఇవతల పెట్టకు, మడి."

ఉపసంఘం అంతా ఒక్కసారి ఆగింది. "మా అమ్మగారికి చేపలంటే ప్రీతి," అన్నారు ప్లీడరుగారు. మడి ఇళ్ళలో చేపల వాడకం ఒక కొత్త పరిశోధనాంశమని లెక్చరరుగారు కళ్ళు పెద్దవి చేసుకుని రాసుకున్నారు.

ఆ వృద్ధురాలు తలుపు తీసి, చేతిని కళ్ళ మీద ఆన్చుకుని చూసింది. "ఎవరదీ, ఏసుపాదమేనా? ఎంత చిక్కిపోయావురా నాయనా! లోపల మజ్జిగుంది, ఇప్పిస్తానుండు. ఇంకేదీ ముట్టవుగా నువ్వు." ఆవిడ చైర్మన్ గారి వైపు తిరిగింది. "వీడు బంగారమండీ. మావాడు పీకల్దాకా తాగి బందరు కాలవలో పడితే, వీడే ఎత్తి తెచ్చాడు. మావాడి బదులు వీడే జైలుకెళ్ళాడు. చుక్క ఎరగడు."

ఇంతకన్న గౌరవనీయులు బందరులో ఎవరున్నారు! ఏసుపాదం రెండు చేతులూ ఎత్తి ఆవిడకు దణ్ణం పెట్టాడు. "తల్లీ, ఈ మాట సాయంత్రం మా పాస్టరుగారికి చెబుతారా?"

"ఎందుకు చెప్పనూ! నడవలేను, ఆయన్నే ఇటు తీసుకురా."

ప్లీడరుగారు తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా లోపలికి నడిపించి, గడియ పెట్టి వచ్చారు. కళ్ళు ఒత్తుకున్నారు. "వయసు మీద పడి మతి చలించింది. నిన్న నన్ను చూసి మా నాన్నగారనుకుంది." అందరూ అయ్యో అన్నారు. చైర్మన్ గారు తమ తల్లిని తల్చుకుని కొంచెంసేపు మౌనం పాటించారు. వృద్ధాప్యంలో మతిభ్రంశం లక్షణాల్లో మొదటిది ఉన్నమాట చెప్పడమేనని డాక్టరుగారు లెక్చరరుగారికి విశదీకరించారు.

సాయంత్రం ఒక సత్రంలో సభ. బందరంతా వచ్చింది. పాస్టరుగారు ముందు వరసలో, మార్త ఆడవాళ్ళలో. సభ మొదలయ్యేముందు పాస్టరుగారు ఏసుపాదాన్ని వరండాలోకి పిలిచారు. ప్లీడరుగారింటి సంగతి విన్నారు, మతి చలించిన సాక్షి చెల్లదన్న సంగతి కూడా విన్నారు. నిజంగానే బాధపడ్డారు.

"సాక్షుల గొడవ వదిలెయ్యి ఏసుపాదం. నాకొక దారి తోచింది. పశ్చాత్తాపపడ్డ తాగుబోతుకు సాక్షులతో పనిలేదు. సభలో లేచి, తాగేవాణ్ణి, మానేశానని ఒక్క మాట అను. వచ్చే ఆదివారం మార్తమ్మ పక్కన నీకు చోటు. నాదీ పూచీ."

ఏసుపాదం నమ్మలేకపోయాడు. ఇంత సులువా! ఆ మాట అతనికి కొట్టిన పిండి. పదకొండుసార్లు అన్నది పన్నెండోసారి అనడానికి ఏం పోయింది?

చైర్మన్ గారు లేచారు. "సోదర సోదరీమణులారా! ఈ రోజు నేను పాదాలతో చరిత్రను స్పృశించాను. ఏమి పట్టణమిది! డచ్చివారు వచ్చారు, తాగారు. ఫ్రెంచివారు వచ్చారు, తాగారు. ఇంగ్లీషువారు వచ్చారు, మరీ తాగారు. కానీ బందరు తాగలేదు! ఇరవై ఏళ్ళు దగ్గింది, నరాల బలహీనతను భరించింది, మడి చెడకుండా చేపలు కొనుక్కుంది, అంతేగాని తాగలేదు! లక్షమందిలో ఒకే ఒక్కడు దారి తప్పాడు. ఆ ఒక్కడూ నేడు మారాడు. వేసవి తాపం వల్లనే అతను తాగేవాడని మా లెక్చరరుగారు శాస్త్రీయంగా నిరూపించారు. ఈ సోదరుణ్ణి శాలువాతో సత్కరించి, రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

చప్పట్లు మారుమోగాయి. శాలువా కప్పారు. ఏసుపాదం మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్లీడరుగారు ధైర్యంగా ఉండమన్నట్టు తలూపారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు. ఏసుపాదం మార్త కోసం వెతికాడు. ఆవిడ ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని, అతని మొహంలోకే చూస్తోంది.

"తా..." అన్నాడు. కోర్టులో గంట కొట్టినట్టు పలికే మాట గొంతులో అడ్డం పడింది. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు.

"అయ్యలారా, కోర్టులో నేను అబద్ధమాడానండి. దానికి బియ్యమొచ్చాయి, నా పిల్లలు తిన్నారు. అందుకు నాకు సిగ్గు లేదు. కానీ దేవుడి గిన్నె కోసం అబద్ధమాడలేనండి. నా వల్ల కాదు. నేను తాగలేదు. ఎప్పుడూ తాగలేదు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు."

సభలో కిమ్మన్నవాడు లేడు. ప్లీడరుగారు తమ చెప్పులను కొత్తగా చూసినట్టు చూసుకున్నారు. మందుల షాపు ఓనరు దగ్గబోయి మానేశాడు. ఆ నిశ్శబ్దం ఇంకొంచెం సాగితే ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి అనవలసి వచ్చేదే. అంతలో వెనక వరసల్లోంచి ఒక గొంతు సభను కాపాడింది.

"తాగొచ్చాడ్రోయ్!"

సత్రమంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పాపం, ఈ రోజు కూడానా అన్నారు. తాగకపోతే నలుగురిలో అలా మాట్లాడతాడా అన్నారు. గంగారత్నం లేచి ఏదో అరిచింది గాని, ఆవిడ చేపలమ్మేది కాబట్టి వినబడలేదు. చైర్మన్ గారు న్యాయం తప్పని మనిషి. ఆరోపణ వచ్చింది గనుక పరీక్ష జరగాలన్నారు. డాక్టరుగారు వేదిక ఎక్కి, ఏసుపాదం గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి వాసన చూశారు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఎరగని నోరది. అంత దగ్గరగా వచ్చేసరికి డాక్టరుగారి నోట్లోంచి వస్తున్న వాసన ఏసుపాదానికి గుప్పుమని తగిలింది. సాయంత్రం పూట వారికి నరాల బలహీనత ఇంకా తగ్గలేదు.

"వాసన వస్తోంది," అని డాక్టరుగారు సభకు ప్రకటించారు. "బాగా వస్తోంది." వైద్యులుగా వారు అబద్ధమేమీ ఆడలేదు.

శాలువా వెనక్కి తీసుకున్నారు. పాస్టరుగారు తల పట్టుకుని వెళ్ళిపోయారు. మంచివారు గనుక ఆ రాత్రి భోజనం చెయ్యలేదని విన్నాం. నిషేధకాలంలో బందరు పట్టణం ప్రదర్శించిన నిగ్రహం దేశానికే ఆదర్శమనీ, ఆనాటి ఏకైక తాగుబోతు ఈనాటికీ తాగుతూనే ఉన్నాడు గనుక అతని ఒక్కడి మీద నిఘా ఉంచితే రాబోయే నిషేధం తప్పక నెగ్గుతుందనీ ఉపసంఘం నివేదిక ఇచ్చింది.

వచ్చిన ఆదివారం చర్చిలో అందరూ బల్ల దగ్గరికి కదిలారు. మార్త లేచింది. ముందుకు వెళ్ళలేదు. ఆయాసపడుతూ, ఒక్కొక్క బెంచీ పట్టుకుంటూ, వెనక గుమ్మం దాకా నడిచి వచ్చి, ఏసుపాదం పక్కన మోకరించింది.

"నువ్వు రాలేకపోతే నేను రాకూడదటయ్యా?" అంది. "జరుగు కొంచెం."

అతనూ మోకరించాడు. ఇద్దరూ ఏడుస్తూ, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ప్రార్థన చేసుకున్నారు. గిన్నె అక్కడిదాకా రాలేదు. ముందు వరసల్లో గిన్నె పుచ్చుకుని వెనుతిరిగిన పెద్దమనుషులు ఆ దృశ్యం చూసి చాలా నొచ్చుకున్నారు. ఆవిడ కూడా మొదలెట్టినట్టుందని గుసగుసలాడుకున్నారు.

గౌరవనీయుడైన సాక్షి ఒక్కడు దొరికితే ఇప్పటికైనా చాలునని పాస్టరుగారు అంటూనే ఉన్నారు. మార్త ఎన్నాళ్ళుంటుందో తెలియదు కాబట్టి కొంచెం తొందరగా రావాలి. మీరు ఆ రోజుల్లో బందరులో లేరంటారు. నాకు తెలుసు.